తాష్కెంట్ హోటల్ల నిమ్మచెక్క

నాచారం షెడ్లల్ల ఇప్పుడు పనిచేసే పోరగాళ్ళు నన్ను చూసినప్పుడల్లా ఒకటే అడుగుతరు. "కాకా, ఫారిన్ పోయొచ్చినవంట గద, ఏం చూసినవ్?" ఏం చూసిన? ఒక హోటల్ గది చూసిన. దాని కప్పు మీద తడి మరక ఏడ మొదలై ఏడ ఆగుతదో ఇప్పటికీ కండ్లు మూసుకొని గీసి చూపిస్త. రేపు మీరు గూడ మిషన్ల ఎంబడి దేశాలు తిరుగుతరు, అందుకే చెప్తున్న. మిషన్ నడిస్తే ఊరు చూస్తరు. మిషన్ ఆగితే హోటల్ గోడలు చూస్తరు.

నేను అసలే కూసున్న కాడ కూసోని మనిషిని. ఇంట్ల టీవీ గూడ నిలవడే చూస్త. "నీ కాళ్ళకు చక్రాలు పెట్టి కన్నది మీ అమ్మ" అని మా ఇంటామె ఇప్పటికీ అంటది. గసోంటోన్ని తీస్కపోయి, మంచు పడే ఊర్ల, కిటికీ తెరుచుకోని గదిల పడేసిన్రు.

మాది చిన్న షెడ్డు. మందుల కంపెనీలకు పొడి కలిపే డ్రమ్ములు చేస్తుంటిమి. పెద్ద స్టీలు డ్రమ్ము, పైన ఒక మూత, మూతకు చుట్టూత రబ్బరు. పొడి పోసి మూత బిగిస్తే డ్రమ్ము మెల్లగ దొర్లుకుంట కలుపుతది. అంతే. ఫిట్టర్‌గ చేరిన నేను, మిషన్ పోయిన కాడికి పోయి బిగిచ్చి, నడిపిచ్చి, అవతలోళ్ళతోని సరే అనిపిచ్చుకొని వచ్చే పని దాక వచ్చిన. తెలంగాణ ఉద్యమం మస్తు జోరు మీదున్న రోజులవి. మా డ్రమ్ము ఒకటి తాష్కెంట్ల ఒక మందుల ఫ్యాక్టరీకి పోయింది. మా షెడ్డు నుంచి దేశం దాటిన మొదటి మిషన్ అదే. అది లారీ ఎక్కిన దినం షెడ్డుల పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి సాగనంపిన్రు. నేను వీసా కోసం ఢిల్లీల ఉంటి, పూజకు లేను. ఈ ముచ్చట జర యాది పెట్టుకోండ్రి.

నాతోని వచ్చింది మా ఎలక్ట్రికల్ ఆయన. గుంటూరు దిక్కు మనిషి, ఏఎస్ రావు నగర్‌ల ఇల్లు. మాంసం ముట్టడు. సూట్‌కేసుల బట్టలకంటే కందిపొడి, గోంగూర పచ్చడి, చిన్న రైస్ కుక్కరు ఎక్కువున్నయి. ఇద్దరికి కలిపి ఒకటే గది. రష్యా వాళ్ళ కాలంల కట్టిన హోటల్ అది, పైసలు తక్కువని మా ఓనరు ఎవరినో అడిగి బుక్ చేసిండు. గది నిండ రెండు మంచాలు, నడుమ ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. గోడ పొంట వేడినీళ్ళ గొట్టాలు సలసల కాగుతుంటయి, బంద్ చేద్దామంటే తిప్పేదానికి పిడి లేదు. కిటికీ సందులకు చలికాలమని కాగితాలు అతికిచ్చిన్రు. బయట మంచు, లోపట మేము బనీన్ల మీద.

"అదేంటి మాస్టారూ, మీరలా అటూ ఇటూ తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కాసేపు కూర్చోండి" అనేటోడు ఆయన, మంచం మీద కాళ్ళు ముడుచుకొని.

"నువ్వు కండ్లు మూసుకో. నా కాళ్ళు నా ఇష్టం" అంటుంటి నేను.

"అన్నీ మీ ఇష్టమే. అందుకే రాష్ట్రం కూడా విడిగా అడుగుతున్నారు."

"గది గూడ విడిగ ఇయ్యమని అడుగుదాం పా."

ఇద్దరం నవ్వుకునేటోళ్ళం. నవ్వు అయిపోంగనే మళ్ళ అదే పరేషాన్.

పరేషాన్ ఏందంటే, డ్రమ్ముల నుంచి ఎర్ర నలుసులు రావట్టినయి.

ముందుగాల ట్రయల్ కోసం మందు పోయరు, గంజిపొడి అసోంటి తెల్ల పిండి పోసి తిప్పుతరు. బిగిచ్చుడు అంతా మంచిగైంది, మోటరు కమ్మగ తిరిగింది. పిండి తీసి అద్దం పలక మీద పరిస్తే, అక్కడక్కడ ఆవగింజల సగమంత ఎరుపు నలుసులు. డ్రమ్ము కడిగినం, ఆరవెట్టినం, మళ్ళ తిప్పినం. మళ్ళ నలుసులు. కడిగిన నీళ్ళు మూత రబ్బరు కాడ ఎర్రగ చారికె కట్టినయి. మందుల ఫ్యాక్టరీల ఎర్ర చారికె అంటే అందరికి ఒకటే మాట వస్తది: తుప్పు.

ఫ్యాక్టరీల ఆ విభాగానికి పెద్ద ఒకామె. తెల్లకోటు, తలకు పువ్వుల రుమాలు, నా వయసుకు దగ్గర్ల ఉంటది. చిన్నప్పుడు బడిల హిందీ చదివిందంట, అది గూడ పుస్తకాల హిందీ. "కృపయా ప్రతీక్షా కీజియే" అనేది. ఆ మాట వినంగనే రైల్వే స్టేషన్‌ల నిలవడ్డట్టు ఉంటదని మా ఎలక్ట్రికల్ ఆయన నవ్వు ఆపుకోలేకపోయేటోడు. నలుసులు ల్యాబుకు పంపినమని, జవాబు వచ్చేదాక హోటల్లనే ఉండమని చెప్పింది. మర్యాదగనే చెప్పింది, గని ముఖంల నవ్వు లేదు.

నేను ఫోన్‌ల ఓనరుకు సంగతి చెప్పిన. ఆయన ఇంకో మాట లేకుండ వెల్డర్ మీద పడ్డడు.

ఆ వెల్డర్‌ను షెడ్డుకు తెచ్చింది నేనే. మా పక్కూరోడు, భువనగిరి దిక్కు. చుట్టరికం ఏం లేదు గని బావా అంటే బావా అనుకుంటం. అసోంటి చెయ్యి నాచారంల, మల్లాపూర్‌ల ఇంకోటి లేదు. అతుకు ఏడుందో వేలు పెట్టి తడిమినా దొరకదు. పిల్ల చదువు కోసమని దమ్మాయిగూడల రెండు రూములు కిరాయికి తీసుకొని, అక్కడి నుంచి సైకిల్ మీద వచ్చేటోడు.

"నీ బావ మంచి స్టీలు అమ్ముకొని, మూతకు నాసిరకం ముక్క అతికిచ్చిండు" అన్నడు ఓనరు. "గేటు బయట నిలవెట్టిన. నువ్వు తుప్పే అని ఒక్క మాట చెప్పు, పోలీస్ స్టేషన్ల ఇస్త. కొత్త మూత ఇంకోనితోని చేపిచ్చి పంపుత."

"జర ఆగు సార్. నేను చూసి చెప్త."

"ఏం చూస్తవ్? ఎర్రగ కారుతున్నదని నువ్వే చెప్తివి గద."

గా ఒక్క మాట. దొంగతనం మచ్చ పడ్డ వెల్డర్‌ను ఈ ఎస్టేట్‌ల ఎవడు గేటు దాటనియ్యడు, చర్లపల్లి దాక అందరికీ ఎరికైతది. నా నోట్లె ఒక మనిషి బతుకు ఇరికినట్టయింది. అటు ల్యాబు జవాబు రాదు, ఇటు ఓనరు ఆగడు. రిసెప్షన్‌ల ఫోన్ మోగినప్పుడల్లా మాకే అనుకొని లేచేటోన్ని, ఎందుకంటే మా ఓనరు హోటల్ నంబరుకే చేసేటోడు.

మీరు అడగొచ్చు, ఆ రబ్బరు పీకి చూస్తే తెలుస్తది గద అని. పీకొచ్చు. గని రబ్బరు గాడిల బిర్రుగ దిగింది, అసోంటిది ఇంకోటి తేలే. చినిగితే మిషన్ ఆగుతది. అది ఒక కారణం. ఇంకో కారణం మా ఎలక్ట్రికల్ ఆయనే నా ముఖం మీద చెప్పిండు.

"మీకు భయం మాస్టారూ. రబ్బరు కింద నిజంగా తుప్పుంటే మీ బావ పనైపోతుందని. అందుకే ముట్టుకోవడం లేదు."

"ఆయన చెయ్యి నాకు తెలుసు."

"తెలిస్తే పీకండి మరి."

నాకు కోపమొచ్చింది. కోటు తగిలిచ్చుకొని బయటికి పోయిన. ఎటు పోవాలె? బజార్‌ల నాన్ రొట్టెలు, దానిమ్మ పండ్లు, మంచుల తడిసిన బూట్లు. చాయ్, నాన్, దోస్త్, బజార్, ఆ మాటలన్నీ మన ఉప్పల్ ఉర్దూ లెక్కనే వినబడుతుంటయి, గని దుకాణమాయన కలిపి ఒక ముచ్చట చెప్తే ఒక్క ముక్క సమజ్ కాదు. ముక్కు కొస మొద్దుబారేదాక తిరిగి, మళ్ళ అదే హోటల్‌కు వచ్చేటోన్ని. ఏం చేసినా ఆ మెట్లే ఎక్కాలె.

ఆ హోటల్ల ప్రతి అంతస్తుకు ఒకామె కూసుంటది. తాళాలు ఆమె దగ్గర్నే, వేడినీళ్ళు ఆమె దగ్గర్నే. మా అంతస్తామె లావుపాటి మనిషి, ముందు పండ్లకు బంగారం తొడుగులు. మొదట్ల మేమంటే గిట్టకపోతుండె. కుక్కర్ల అన్నం వాసన వస్తే తలుపు కొట్టి వేలు చూపిచ్చేది. ఒకసారైతే బల్ల మీద నేను పెట్టుకున్న, నలుసులు చూసుకుందామని ఫ్యాక్టరీ నుంచి కట్టుకొచ్చిన తెల్ల పొడి పొట్లాన్ని చూసి ఒక అడుగు వెనకకు వేసింది. పరాయి దేశంల తెల్ల పొడి పొట్లాలు జేబుల పెట్టుకొని తిరుగుడు ఎంత తెలివితక్కువ పనో అప్పుడు ఎరికైంది. నేను ఆ పొడి ఇంత నోట్లె ఏసుకొని నమిలి చూపిచ్చిన. ఆమె గూడ జర నాలికె మీద పెట్టుకొని, పిండి అని తెలుసుకొని, పొట్ట పట్టుకొని నవ్వింది. ఆ దినం నుంచి నన్ను "అకా" అని పిలవవట్టింది. అన్న అని అర్థమంట వాళ్ళ దగ్గర. కందిపొడి అన్నం గూడ రెండు ముద్దలు తిని, కండ్లల్ల నీళ్ళు తెచ్చుకొని, ఇంకో ముద్ద అడిగింది.

మా ఇద్దరి అవస్థ ఆమెకు భాష లేకుండనే అర్థమైనట్టుంది. పొద్దుగూకంగ తన బల్ల కాడికి పిలిచి, నీలం పువ్వుల గిన్నెలల్ల చాయ్ పోసేది. "చాయ్ ఇచింగ్, అకా" అనేది, తాగమని. పాలుండయి, లోపట నిమ్మచెక్క ఏసి ఇస్తది. గిన్నె సగం గూడ నింపది. "మరీ పిసినారి" అని మా ఎలక్ట్రికల్ ఆయన గొణిగిండు. తర్వాత సమజైంది, మాటిమాటికి పొయ్యాలంటే మనిషి మాటిమాటికి కూసోవాలె గద. అట్ల కూసోవెడతరన్నమాట. నా అసోంటోన్ని గూడ కూసోవెట్టింది.

ఒకనాడు అట్లనే కూసున్నం. ఓనరు ఫోన్ అప్పుడే అయింది. "రేపటి వరకు చూస్త, తర్వాత నువ్వు చెప్పినా చెప్పకున్నా కేస్ పెడత" అన్నడు. నేను పొట్లం విప్పి, గుండుసూదితోని ఎర్ర నలుసులు ఒక్కొక్కటే ఏరి ఖాళీ సాసర్ల పెడుతున్న. ఎందుకంటే ఏం చెప్పాలె, చేతులు ఊకుండక. మా ఎలక్ట్రికల్ ఆయన తాగి, చప్పరిచ్చిన నిమ్మచెక్కను చూసుకోకుండ అదే సాసర్ల పడేసిండు.

"కండ్లు ఏడ పెట్టుకున్నవయ్యా" అని తిట్టుకుంట చెక్క తియ్యబోయిన. తియ్యబోయి ఆగిన.

నలుసులు పచ్చగైతున్నయి. నిమ్మరసం తగిలిన దిక్కు నుంచి ఎరుపు పోయి పసుపు తేలుతున్నది.

నేను లేచి నిలవడ్డ. మా అమ్మ యాదికొచ్చింది. చిన్నప్పుడు మాకు దిష్టి తియ్యాలంటే పసుపు నీళ్ళల్ల సున్నం కలిపేది, నీళ్ళు ఎర్రగయ్యేటియి. మేము దొంగతనంగ అండ్ల నిమ్మకాయ పిండి మళ్ళ పచ్చగ చేసి దెబ్బలు తినేటోళ్ళం. తుప్పు నిమ్మరసానికి పచ్చగ కాదు. పసుపు, సున్నం కలిపి ఇంట్ల చేసుకున్న కుంకుమ అయితది.

"తుప్పు గాదు" అన్న. "బొట్టు ఇది."

"ఏ బొట్టు?"

"మన బొట్టే. పూజ దినం పెట్టిన బొట్టు."

ఆయన సాసర్ దిక్కు చూసి, నా దిక్కు చూసి, ఇంకో నలుసు మీద నిమ్మచెక్క తానే పిండి చూసిండు. తర్వాత, "తెల్లారంగానే పీకుదాం మాస్టారూ. చినిగితే నేను కుట్టిస్తా" అన్నడు. రబ్బరును ఎట్ల కుట్టిస్తడో నేను అడగలే.

ఇనుప పనిముట్టు పెడితే స్టీలు గీసుకపోతది. మా అంతస్తామె దగ్గర చెక్క గరిటె అడుక్కొని పోయిన. ఎందుకని అడగకుండనే ఇచ్చింది. ఫ్యాక్టరీల ఆ పెద్దామె ముందట, డ్రమ్ము మూత బోర్లిచ్చి, గరిటె కాడతోని రబ్బరును ఇంత ఇంత లేపుకుంట వచ్చిన. మధ్యల ఒక కాడ రబ్బరు సాగి చిటుక్కుమంది, నా పానం గూడ చిటుక్కుమంది. చినగలే.

రబ్బరు కింద గాడిల పెద్ద బొట్టు. నూనెల తడిపి పెట్టిన కుంకుమ, ఎండి పెచ్చులు పెచ్చులు లేసింది. నడిమిట్ల బొటనవేలి అచ్చు. అచ్చుకు అతుక్కొని రెండు అక్షింతల గింజలు. దాని చుట్టూత నా బావ చేసిన అతుకు అద్దం తీరుగ మెరుస్తున్నది, ఒక్క మచ్చ లేదు.

ఆ వేలు ఎవరిదో నాకు చూడంగనే ఎరికైంది. మా ఓనరు వాళ్ళమ్మది. ప్రతి మిషన్‌కు ఆ ముసలామెనే బొటనవేలుతోని ఇంత పెద్ద బొట్టు పెడతది. ఎప్పుడు బయటనే పెట్టేది. ఈసారి లోపల పెట్టింది.

"యహ్ క్యా హై?" అన్నది పెద్దామె.

ఏమని చెప్పాలె? నా హిందీ బజార్ హిందీ. "మేడమ్, మా కి దువా హై. అందర్ చలీ గయీ" అన్న. తల్లి దీవెన, లోపలికి పోయిందని.

ఆమె అక్షింత గింజను గోరుతోని లేపి అరచేతిల పెట్టుకొని చూసింది. అప్పుడు నవ్వింది, వచ్చినకాడి నుంచి మొదటిసారి. మీ మిషన్ వచ్చిన దినం మేము గూడ తలుపు కాడ ఆకు కాల్చి పొగ ఏసినం, దిష్టి తగలొద్దని, అన్నది. "కింతు బాహర్" అన్నది వేలు చూపిచ్చి. బయట.

గాడి కడిగి, రబ్బరు దిగ్గొట్టి, పిండి పోసి తిప్పినం. అద్దం మీద పరిస్తే తెల్లటి తెలుపు. ఆ దినం నాకు తాష్కెంట్ మొదటిసారి కనబడ్డది. చెట్లున్నయి, వెడల్పు రోడ్లున్నయి, ఆకాశం మస్తు నీలంగున్నది. ల్యాబు జవాబు మేము బయలెల్లే దినం దాక రానే లేదు. ఆ నడుమ ఓనరు మాట విని కొత్త మూత తెప్పిచ్చుకుంటే ఏమయ్యేటిదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది. దానికీ బొట్టు పెట్టే పంపుతుండె గద.

ఓనరుకు ఫోన్ చేసి అంతా చెప్పిన. "మిషన్ ఓకే అయిందా?" అన్నడు. అయింది అన్న. "ఈ బొట్టు ముచ్చట ఎవరికీ చెప్పకు" అని పెట్టేసిండు. బావ సంగతి ఒక్క మాట అనలే.

ఇంటికొచ్చి పెట్టె దించంగనే బావను వెతుక్కుంట పోయిన. మల్లాపూర్‌ల ఒక మూలకు, గేట్లు కిటికీలు అతికే చిన్న కొట్టుల ఉన్నడు. మందుల డ్రమ్ములు అతికిన చెయ్యి బాల్కనీ కడ్డీలు అతుకుతున్నది. నన్ను చూసి ముఖానికి అడ్డం పెట్టుకున్న పలక దించిండు.

"దొరికింది బావా" అన్న. "తుప్పు గాదు, రబ్బరు కింద బొట్టు."

"నాకు ఎరికే" అన్నడు.

"ఎట్ల ఎరిక?"

"మూత పట్టుకున్నది నేనే గద. బయట పెడితే ప్యాకింగోళ్ళు తుడిచేస్తున్నరు బిడ్డా, దూరం పొయ్యే మిషన్, జర రబ్బరు లేపు అన్నది అమ్మ. లేపిన. మొదటి దినమే ఓనరుకు చెప్పిన. మా అమ్మ చేతి మీదికి నెడుతవా అని గేటు బయటికి పంపిండు."

"నాకన్న చెప్పొద్దా?"

"నీ హోటల్ నంబర్ ఎవరిస్తరు? ఆయన్నే అడిగిన. ఇయ్యలే."

నాకు కండ్లు మండినయి. అన్ని దినాలు ఆ గొట్టాల నడుమ నన్ను ఉడకవెట్టి, ఆయన మాత్రం అన్నీ తెలిసి కూసున్నడు. సీదా షెడ్డుకు పోయి, ఓనరు కుర్సీ ముందట నిలవడి అడగరాని మాటలన్నీ అడిగిన. ఆయన తల ఎత్తలే. నేను అలిసిపోయినంక మెల్లగ చెప్పిండు.

"మా నాయిన పోయినంక, అమ్మ గొలుసు అమ్మి కొన్న లేతుతోని పెట్టిన షెడ్డు ఇది. ఆమెతోని మిషన్లకు బొట్టు పెట్టిస్తుంటే చుట్టాలంతా ఏమన్నరో తెలుసా? మొగడు పోయినామె చెయ్యి, మంచిది గాదన్నరు. ఎవ్వరి మాట నేను వినలే. ఇప్పుడు దేశం దాటిన మొదటి మిషన్ ఆ బొట్టుతోనే ఆగిందని ఆమెకు తెలిస్తే, ఇగ జన్మల కుంకుమల వేలు ముంచదు. అందుకే వాడు అబద్ధం చెప్తున్నడనే అనుకున్న. అట్ల అనుకుంటేనే నాకు మంచిగుండె."

కోపం ఎటు పోయిందో పోయింది. పోయిందన్నట్టే గని పూర్తిగ పోలే. "మరి వాని బతుకు?" అన్న. తెల్లారి తానే కారు తీసుకొని మల్లాపూర్ పోయిండు. బావను ముందు సీట్ల కూసోవెట్టుకొని వచ్చిండు. కార్ల ఏం మాట్లాడుకున్నరో ఇద్దరిల ఎవ్వరు నాకు చెప్పలే.

తర్వాతి మిషన్ లారీ ఎక్కే దినం నేను ఎక్కడికీ పోలే, షెడ్డులనే ఉన్న. అమ్మ పళ్ళెం పట్టుకొని వచ్చింది. వచ్చి సీదా మూత కాడికే పోయి, "రబ్బరు లేపు బిడ్డా, లోపల పెడత" అన్నది. షెడ్డుల గ్రైండర్ గూడ ఆగిపోయింది. ఓనరు నేల చూస్తున్నడు. నా కాళ్ళు సుత ఆ ఒక్కసారి కదలలే.

బావ ముందుకు వచ్చి మూత మీద చెయ్యి పెట్టిండు. "అమ్మా, ఇది దీని నోరు. బొట్టు నుదుట పెడతరు గని నోట్లె పెడతరా?" డ్రమ్ము ముందట బయటి దిక్కు తట్టి చూపిచ్చిండు. "నుదురు గిది. ఎవడు తుడవకుండ నేను చూసుకుంట."

ఆమె నవ్వింది. "మరి పోయినసారే చెప్పొద్దా బిడ్డా?"

"పోయినసారి నాకు గూడ తెల్వలే అమ్మా" అన్నడు.

ఆమె బొటనవేలు ముంచి, చూపిచ్చిన కాడనే గట్టిగ ఒత్తింది. ఓనరు పక్కకు తిరిగి, లారీవోళ్ళు తాళ్ళు బిర్రుగ కట్టిన్రా లేదా అని చూడవట్టిండు. అప్పటికి మిషన్ ఇంకా లారీ ఎక్కనే లేదు.